ముక్కు దిబ్బడకు మూలికలతో ఇంటి మందులు తయారు చేసుకోవడం ఎలా

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైన నాటి నుంచి ధనుర్మాసం ముగిసే దాకా తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో రొంప పట్టని ఇల్లు అరుదుగా ఉంటుంది. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ తులసి, మిరియాలు, వావిలాకు బయటికి వస్తాయి. అయితే వాటిని ఏ పాళ్లలో తీసుకోవాలి, దేన్ని మరిగించాలి, దేన్ని మరిగించకూడదు, ఎవరికి ఇవ్వకూడదు అన్న విషయాలు చాలా ఇళ్లలో మాట వరసకే మిగిలిపోయాయి. ఈ వ్యాసంలో ఉప్పునీరు, ఆవిరి, కషాయం, లేపనం అనే నాలుగు తయారీలను కొలతలతో, కారణాలతో వివరిస్తాను. వీటిని ఇదే క్రమంలో నేర్చుకోవడం మంచిది, ఎందుకంటే మొదటిది అన్నింటికన్నా సరళమైనది, చివరిది అన్నింటికన్నా జాగ్రత్త కోరేది.

ముందుగా దిబ్బడ స్వభావాన్ని తెలుసుకోండి

ముక్కు మూసుకుపోవడానికి చీమిడి పేరుకోవడమే కారణమని చాలామంది అనుకుంటారు. నిజానికి ముక్కు లోపలి గోడలకు ఆనుకొని ఉండే మెత్తని మడతల్లో రక్తనాళాలు ఉబ్బి, గాలి పోయే దారిని ఇరుకు చేయడమే ప్రధాన కారణం. అందువల్లనే ఎంత చీదినా కొన్నిసార్లు ఏమీ బయటకు రాదు, ముక్కు మాత్రం తెరుచుకోదు. వైరస్ వల్ల వచ్చే మామూలు జలుబులో ఈ వాపు సాధారణంగా వారం, పది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. ఏ మందు వాడినా ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆరో రోజున తాగిన కషాయానికి దక్కే మంచి పేరులో కొంత భాగం ఆరు రోజులు గడవడానికే చెందుతుంది.

కారణాన్ని బట్టి మార్గం మారుతుంది. వానల తరువాత ఖాళీ స్థలాల్లోనూ రోడ్ల పక్కనా వయ్యారిభామ మొక్క విపరీతంగా పెరిగి పూస్తుంది. దాని పుప్పొడి పడనివారికి జ్వరం లేకుండానే వరుస తుమ్ములు, కళ్ల దురద, నీళ్లలా కారే ముక్కు, ఆపై దిబ్బడ వస్తాయి. వీరికి ఘాటైన ఆకుల ఆవిరి కన్నా ఉప్పునీటితో ముక్కు కడగడమే ఎక్కువ పనికి వస్తుంది, ఎందుకంటే అది పుప్పొడిని భౌతికంగా బయటకు తీసేస్తుంది. మందుల షాపులో దొరికే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలను వారాల తరబడి వాడుతున్నవారికి మరో రకం దిబ్బడ వస్తుంది. ఆ చుక్కలు రక్తనాళాలను బలవంతంగా ముడుచుకునేలా చేస్తాయి, ప్రభావం తగ్గగానే అవి మునుపటికన్నా ఎక్కువగా ఉబ్బుతాయి. అలాంటి దిబ్బడకు ఏ మూలికా పరిష్కారం కాదు. వైద్యుని సలహాతో ఆ చుక్కలను మానడమే దారి.

తయారీకి దిగే ముందు ఒక చిన్న పరీక్ష అలవాటు చేసుకోండి. బాగా మెరిసే స్టీలు పళ్లాన్ని చల్లబరచి, ముక్కు కింద అడ్డంగా పట్టుకొని, నోరు మూసి మెల్లగా గాలి వదలండి. పళ్లెం మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి. ఏ వైపు మచ్చ చిన్నదిగా ఉంటే ఆ వైపు ముక్కు ఎక్కువగా మూసుకుపోయిందని అర్థం. ఈ పరీక్షను ఒక్కసారి చేసి నిర్ణయానికి రాకండి. ఆరోగ్యవంతుల్లో కూడా కొన్ని గంటలకొకసారి ఒక రంధ్రం కాస్త ముడుచుకొని, రెండోది తెరుచుకుంటుంది. మన యోగశాస్త్రం ఇడ, పింగళ అని చెప్పే స్వరం, అంటే ఊపిరి ఆడే రంధ్రం, మారడం ఇదే మార్పును గమనించి చెప్పిన మాట. అందుకే మందుకు ముందు, పావుగంట తరువాత, గంట తరువాత పళ్లెం చూసి, రెండు మచ్చలనూ కలిపి పోల్చాలి.

ఈ పరీక్ష ఎందుకు అవసరమో పుదీనా పువ్వును వాడి చూస్తే తెలుస్తుంది. పుదీనా పువ్వు అంటే మెంథాల్ పలుకులు. వాటి వాసన పీల్చగానే ముక్కు పూర్తిగా తెరుచుకున్నట్లు అనిపిస్తుంది, కాని పళ్లెం మీద మచ్చలు దాదాపు అలాగే ఉంటాయి. మెంథాల్ వాపును తగ్గించదు. చల్లదనాన్ని గుర్తించే నరాల గ్రాహకాలను అది మేల్కొలుపుతుంది, ఆ చల్లదనాన్ని మెదడు ధారాళంగా వస్తున్న గాలిగా భావిస్తుంది. శరీరం వేడిని, చలిని గుర్తించే గ్రాహకాలను కనుగొన్నందుకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్న డేవిడ్ జూలియస్, చలి గ్రాహకాన్ని వెతకడానికి ఈ మెంథాల్‌నే సాధనంగా ఎంచుకున్నాడు. దీనివల్ల మెంథాల్ నిరుపయోగమని కాదు. రాత్రి పడుకోబోయే మనిషికి ఊపిరి ఆడుతోందన్న నెమ్మది చాలా విలువైనది. కాని ఏది ముక్కును తెరుస్తుందో, ఏది తెరిచినట్లు అనిపింపజేస్తుందో తెలిసి మందు తయారు చేసేవారు అవసరం లేని చోట ఘాటు పెంచరు. ఇంటి మందుల వల్ల జరిగే హానిలో చాలా భాగం ఘాటు ఎక్కువైతే గుణం కూడా ఎక్కువవుతుందన్న నమ్మకం నుంచే పుడుతోంది.

మూలికల ఎంపిక, సేకరణ

ఈ నాలుగు తయారీలకు అవసరమైనవి తులసి, వామాకు, వావిలాకు, వాము, శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, ముద్దకర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం, నువ్వుల నూనె, తేనెమైనం మాత్రమే. తులసిలోని సువాసనకు ప్రధాన కారణం యూజెనాల్, వాములో థైమాల్, వామాకులో కార్వక్రాల్, థైమాల్, నీలగిరి తైలంలో సినియోల్. ఇవన్నీ ఎగిరిపోయే గుణం కలవి. శొంఠి, మిరియాలు, పిప్పళ్లలోని కారం మాత్రం తేలికగా ఎగిరిపోదు, దాన్ని రాబట్టడానికి మరిగించాలి. ఎగిరిపోయేదానికి మూత వేయాలి, ఎగిరిపోనిదానికి మంట పెట్టాలి. ఈ ఒక్క భేదం మీదనే ఇక్కడ చెప్పబోయే పద్ధతులన్నీ ఆధారపడి ఉన్నాయి.

వామాకును చిత్తూరు ప్రాంతంలో చాలామంది కర్పూరవల్లి అనే పిలుస్తారు. దాన్ని కుండీలో కొమ్మ గుచ్చి పెంచుకోవచ్చు. ఆకు మందంగా, నూగుతో ఉండి, నలిపితే వాము వాసన రావాలి. వావిలి చెరువు గట్ల మీద, వంకల పక్కన పొదలుగా పెరుగుతుంది. ఒక్కో ఆకులో మూడు నుంచి ఐదు చీలికలు ఉంటాయి, పైభాగం ఆకుపచ్చగానూ అడుగుభాగం బూడిద తెలుపుగానూ కనిపిస్తుంది. తమిళనాడు వైపు నుంచి వచ్చి అమ్మేవారు దీన్నే నొచ్చి అంటారు. తులసిని పెరట్లోది తీసుకోవడం ఉత్తమం. పూలంగళ్లలో మాలల కోసం అమ్మే తులసిని తాగే మందులో వాడవద్దని నా సలహా, ఎందుకంటే దాన్ని తినడానికని పెంచరు, దాని మీద ఏ పురుగుమందు చల్లారో కొనేవారికి తెలియదు.

మొక్కను గుర్తించడంలో ఏ మాత్రం సందేహం ఉన్నా దాన్ని వాడకండి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాలలోనూ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగంలోనూ మొక్కలను శాస్త్రీయంగా గుర్తించగలిగినవారు ఉన్నారు. పువ్వుతో, కాయతో సహా ఒక కొమ్మను చూపితే గుర్తింపు సులభమవుతుంది. శేషాచలం కొండల్లో మూలికలకు కొదవ లేదు, కాని అక్కడికి వెళ్లి కోసుకురావాలన్న ఆలోచన పెట్టుకోవద్దు. ఆ కొండల్లో 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఉంది, 2010లో ఆ ప్రాంతాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అనుమతి లేకుండా మొక్కలు సేకరించడం చట్టరీత్యా నేరం. పైగా ఈ తయారీలకు కావలసిన ఏ మొక్కా అడవిలోనే దొరికేది కాదు.

కర్పూరం విషయంలో ప్రత్యేకమైన హెచ్చరిక అవసరం. మన ఊళ్లో కర్పూరం అడుగడుగునా దొరుకుతుంది. హారతి కోసం అమ్మే బిళ్లలు మందు కోసం తయారైనవి కావు, వాటిలో ఏయే ఇతర పదార్థాలు కలిశాయో పొట్లం మీద ఉండదు. శ్రీవారి గడ్డానికి అలంకరించే పచ్చకర్పూరం మీద మనకున్న భక్తి వేరు, ఔషధ మోతాదు వేరు. లేపనానికి ఔషధ ప్రమాణం కలిగినదని ముద్రించిన కర్పూరాన్నే మందుల షాపులో గాని, నమ్మకమైన మూలికల అంగడిలో గాని కొనండి. ఏ కర్పూరాన్నీ దిబ్బడకు లోపలికి తీసుకోకూడదు. చిన్నపిల్లలు కొద్దిపాటి కర్పూరం మింగినా మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది.

ఆకులను ఉదయం మంచు ఆరిన తరువాత కోసి, రెండు మూడు నీళ్లలో కడిగి, పల్చని బట్ట మీద నీడలో ఆరబెట్టండి. ఎండలో వేస్తే రంగుతో పాటు సువాసన కూడా పోతుంది. వానల కాలంలో గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది కనుక ఫ్యాను గాలి తగిలేలా ఉంచాలి. వేలితో నొక్కినప్పుడు ఆకు గలగలమని పొడి కావాలి, కాడ వంగకుండా పుటుక్కున విరగాలి. అంతవరకు డబ్బాలో పెట్టకూడదు. బూజు మచ్చ కనిపించిన ఆకును ఏరి పారేసి మిగతాది వాడుకోవడం సరికాదు, ఆ సరుకు మొత్తాన్నీ పారేయాలి.

మొదటి తయారీ: ఉప్పునీరు

ఇందులో మూలిక ఏదీ లేదు. అయినా దీన్ని మొదట చెబుతున్నాను, ఎందుకంటే పేరుకున్న చీమిడిని, దుమ్మును, పుప్పొడిని నిజంగా బయటకు తీసేది ఇదే. మిగతా మూడూ దీనికి తోడుగా నిలిచేవి.

ఒక లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కలిపితే శరీర ద్రవాలకు దగ్గరైన గాఢత వస్తుంది. ఒకసారికి పావు లీటరు నీరు, రెండుంపావు గ్రాముల ఉప్పు చాలు. చెంచా లెక్కలు ఉప్పు రకాన్ని బట్టి మారిపోతాయి కనుక చిన్న డిజిటల్ తూకం కొనుక్కోవడం మేలు. అయొడిన్ కలపని శుభ్రమైన ఉప్పు అయితే ముక్కులో మంట తక్కువగా ఉంటుంది. నీటిని తెర్లు కాగిన తరువాత ఇంకా కొన్ని నిమిషాలు మరిగించి, మూత పెట్టి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. కుళాయి నీటిని, బోరు నీటిని, పుష్కరిణి నీటిని మరిగించకుండా ముక్కులోకి ఎన్నడూ పోయకూడదు. మంచినీటిలో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరితే దాదాపు ప్రాణాంతకమవుతుంది. కేరళలో ఇటీవలి సంవత్సరాల్లో అలాంటి కేసులు నమోదయ్యాయి. అదే నీరు తాగితే కడుపు ద్వారా ఈ ప్రమాదం ఉండదు, ప్రమాదమంతా ముక్కు దారిలోనే ఉంది.

నేతి చెంబును, అంటే యోగాభ్యాసంలో ముక్కు కడగడానికి వాడే కొమ్ము చెంబును గాని, శుభ్రమైన సిరంజిని గాని వాడవచ్చు. తొట్టి మీదకు ముందుకు వంగి, తలను ఒక పక్కకు తిప్పి, నోటితో ఊపిరి పీలుస్తూ పై రంధ్రంలో మెల్లగా నీరు పోస్తే కింది రంధ్రం నుంచి బయటకు వస్తుంది. సగం నీటితో ఒక వైపు, మిగతా సగంతో రెండో వైపు కడగాలి. తరువాత ఒక్కో రంధ్రాన్నీ విడివిడిగా, నెమ్మదిగా చీదాలి. రెండూ మూసి గట్టిగా చీదితే నీరు చెవి వైపు పోతుంది. ముక్కు పూర్తిగా మూసుకొని నీరు కదలనప్పుడు బలవంతం చేయకండి. మిగిలిన నీటిని పారబోసి, చెంబును మరిగిన నీటితో కడిగి ఆరబెట్టండి. ఈ నీటిలో తులసి రసం, వాము నీళ్లు, పసుపు, నూనె చుక్క వంటివి ఏవీ కలపవద్దు. ముక్కు లోపలి పొర మీద సన్నని కేశాల వంటి నిర్మాణాలు చీమిడిని వెనక్కు నెడుతూ ఉంటాయి, ఘాటైన పదార్థాలు వాటిని దెబ్బతీస్తాయి.

రెండవ తయారీ: ఆకుల ఆవిరి

ఆవిరి పట్టడం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. అది జలుబు రోజులను తగ్గిస్తుందని పరిశోధనల్లో నిలకడగా రుజువు కాలేదు, కాని వెచ్చని తేమ గట్టిపడిన చీమిడిని మెత్తబరిచి కాసేపు హాయినిస్తుంది. అందువల్ల దాన్ని హాయి కోసం చేసే పనిగానే చూసి, ప్రమాదం లేకుండా చేసుకోవాలి.

ఒక లీటరు నీటిని మరిగించి పొయ్యి ఆపండి. గుప్పెడు వావిలాకు, ఐదారు వామాకులు చేత్తో నలిపి ఆ నీటిలో వేసి వెంటనే మూత పెట్టండి. మంట మీద ఉన్నప్పుడే ఆకు వేసి మరిగిస్తే వంటగదంతా వాసన నిండుతుంది, ముక్కుకు చేరవలసింది గదిలోకి పోతుంది. ఐదు నిమిషాల తరువాత వెడల్పు అడుగు ఉన్న గిన్నెలోకి మార్చి, కదలని బల్ల మీద పెట్టి, ముఖాన్ని గిన్నెకు ఒక అడుగు దూరంలో ఉంచి కూర్చోండి. కళ్లు మూసుకొని ఐదు నుంచి పది నిమిషాలు పీల్చితే చాలు. నీలగిరి తైలం వేయదలచుకుంటే ఒకటి రెండు చుక్కలకు మించవద్దు, ఆకులు వేసిన రోజున అది కూడా అవసరం లేదు.

ఒడిలో గిన్నె పెట్టుకొని, మంచం మీద కూర్చొని, దుప్పటి కప్పుకొని ఆవిరి పట్టే అలవాటును పూర్తిగా మానుకోవాలి. గిన్నె ఒలికి తొడలు, పొట్ట కాలిన సంఘటనలు దీనివల్లనే ఎక్కువగా జరుగుతాయి. పిల్లలకు గిన్నె ఆవిరి అసలు పట్టకూడదు. స్నానాల గదిలో వేడినీరు వదిలి తలుపు మూసి, ఆ తేమలో బిడ్డను ఎత్తుకొని పెద్దవారు కాసేపు నిలబడితే అదే చాలు. ఉబ్బసం ఉన్నవారు ఘాటైన ఆకులు, తైలం లేకుండా ఉత్త నీటి ఆవిరినే పట్టాలి, దానికి కూడా దగ్గు ఎక్కువైతే ఆపేయాలి. ఎండిన ఉమ్మెత్త ఆకు పొగ పీల్చే పాత పద్ధతిని, జిల్లేడు ఆకులను ఆవిరిలో వేయడాన్ని ఎవరు చెప్పినా పాటించవద్దు. మొదటిది విషం, రెండోదాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

మూడవ తయారీ: కషాయం

వెచ్చని ద్రవం తాగడం వల్ల కలిగే ఉపశమనాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో, జలుబుతో ఉన్నవారికి ఒకే పండ్ల పానీయాన్ని వేడిగానూ, గది ఉష్ణోగ్రతలోనూ ఇచ్చి పోల్చారు. వేడిది తాగినవారిలో తుమ్ములు, దగ్గు, గొంతునొప్పి, అలసట వంటి బాధలు వెంటనే తగ్గినట్లు అనిపించాయి, ముక్కులో గాలి ప్రవాహాన్ని కొలిస్తే మాత్రం తేడా కనిపించలేదు. అంటే మన మిరియాల చారు చేసే మేలులో దాని వెచ్చదనానికి కూడా మంచి వాటా ఉందన్నమాట.

ఇద్దరు పెద్దవారికి సరిపడే కొలత ఇది. శొంఠి 2 గ్రాములు, మిరియాలు 1 గ్రాము, పిప్పళ్లు 1 గ్రాము తీసుకొని కచ్చాపచ్చాగా దంచండి. మెత్తని పొడి చేస్తే వడకట్టడం కష్టమవుతుంది, గొంతులో గరగర మిగులుతుంది. రెండు గ్లాసుల నీటిలో, అంటే సుమారు 400 మిల్లీలీటర్లలో వేసి, సన్నని సెగ మీద మూత లేకుండా మరిగించి ఒక గ్లాసుకు దించండి. శాస్త్రంలో గట్టి ద్రవ్యాలకు పదహారు పాళ్ల నీరు పోసి కషాయం కాచే పద్ధతి ఉంది. ఇక్కడ నీరు అంతకన్నా చాలా ఎక్కువ, ఎందుకంటే త్రికటువు, అంటే శొంఠి, మిరియాలు, పిప్పళ్లు మూడూ కలిసినది, చిక్కగా దిగితే కడుపులో మంట పుట్టిస్తుంది.

పొయ్యి ఆపిన తరువాత పదిహేను తులసి ఆకులు, అర చెంచా నలిపిన వాము వేసి మూత పెట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఈ రెండో దశను ఆయుర్వేదంలో ఫాంటం అంటారు. ఒకే గిన్నెలో రెండు పద్ధతులను వరుసగా చేస్తే కారం మరుగులో దిగుతుంది, సువాసన మూత కింద నిలుస్తుంది. అన్నీ ఒకేసారి వేసి అరగంట మరిగించే ఇళ్లలో చివరకు మిగిలేది కారమైన నీరే. వడకట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తేనె గాని బెల్లం గాని కలిపి, ఆహారం తరువాత ఒక్కొక్కరు అర గ్లాసు తాగవచ్చు. రోజుకు ఒకసారి, మూడు నుంచి ఐదు రోజులు చాలు. మిగిలిన కషాయాన్ని మరుసటి రోజుకు దాచవద్దు.

ఈ కషాయంలో అడ్డసరం, అతిమధురం వేయాలని చాలామంది చెబుతారు, నేను కావాలనే వేయలేదు. అడ్డసరంలోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే కఫాన్ని పల్చబరిచే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారైంది, కనుక దాని శక్తిలో సందేహం లేదు. కాని అది ఛాతీలోని కఫానికి వాడే మూలిక, గర్భిణులకు హాని చేయగలది. అతిమధురాన్ని వరసగా వాడితే రక్తపోటు పెరుగుతుంది, శరీరంలో పొటాషియం తగ్గుతుంది. ఒక్క ముక్కు దిబ్బడ కోసం ఆ ప్రమాదాన్ని తెచ్చుకోనవసరం లేదు. మిరియాలు, పిప్పళ్లలోని పైపరీన్ కొన్ని మందులను శరీరం ఎక్కువగా పీల్చుకునేలా చేస్తుంది. మూర్ఛకు ఫెనిటోయిన్, గుండెకు ప్రొప్రనలాల్, ఆయాసానికి థియోఫిలిన్ వాడేవారు, రక్తం పల్చబడే మందులు వాడేవారు, కడుపులో పుండు ఉన్నవారు తమ వైద్యుని అడగకుండా ఈ కషాయం తాగకూడదు. ఏడాది నిండని బిడ్డలకు తేనెను ఏ రూపంలోనూ ఇవ్వకూడదు.

నాలుగవ తయారీ: ఛాతీకి, వీపుకు రాసే లేపనం

ఇది ఓపికతో చేయవలసిన పని. దీన్ని మొదట వావిలాకు తైలంతో ప్రారంభిస్తాము. తైలపాకానికి శాస్త్రం చెప్పే పాళ్లు ఒక వంతు కల్కం (నూరిన ఆకు ముద్ద), నాలుగు వంతుల నూనె, పదహారు వంతుల ద్రవం. ఆ లెక్కన 25 గ్రాముల వావిలాకు ముద్ద, 100 మిల్లీలీటర్ల నువ్వుల నూనె, 400 మిల్లీలీటర్ల వావిలాకు కషాయం తీసుకొని, మందపాటి అడుగున్న గిన్నెలో సన్నని సెగ మీద కాచాలి. మధ్యమధ్య కలుపుతూ ఉండాలి, లేకపోతే కల్కం అడుగంటుతుంది. నీరంతా ఇగిరిందో లేదో తెలుసుకోవడానికి, దించిన కల్కాన్ని కొద్దిగా తీసి చల్లార్చి, వేళ్ల మధ్య నలిపితే వత్తిలా చుట్టుకోవాలి. దాన్ని మంటలో పెడితే చిటపటలాడకుండా కాలాలి. చిటపట వినిపిస్తే నీరు ఇంకా ఉందని, ఆ తైలం నిలవ ఉండదని అర్థం. సిద్ధమైన తైలాన్ని వేడిగా ఉండగానే పల్చని బట్టలో వడకట్టండి.

ఇంత సేపు కాచిన తైలంలో ఎగిరిపోయే సువాసన చాలావరకు పోతుంది. అందుకే సువాసన ద్రవ్యాలను చివర కలుపుతాము. 100 గ్రాముల లేపనానికి ఈ కొలతలు పాటించండి: వావిలాకు తైలం 70 గ్రాములు, తేనెమైనం 24 గ్రాములు, కర్పూరం 3 గ్రాములు, పుదీనా పువ్వు 2 గ్రాములు, నీలగిరి తైలం 1 గ్రాము. తైలం కాచే ఓపిక లేనివారు దాని బదులు ఉత్త నువ్వుల నూనెను 70 గ్రాములు వేసుకోవచ్చు, ఉపశమనంలో పెద్ద తేడా ఉండదని నా అంచనా. కర్పూరాన్ని ఈ పాళ్లకు మించి పెంచకండి. అమెరికాలో వైద్యుని చీటీ లేకుండా అమ్మే పూత మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదన్న నియమం ఉంది, ఇంటి తయారీకి 3 శాతం ధారాళంగా చాలు.

ఒక గిన్నెలో నీరు కాగబెట్టి, అందులో చిన్న గిన్నె పెట్టి, మైనాన్ని నూనెలో కరిగించండి. తేనెమైనం 62 డిగ్రీల నుంచి 64 డిగ్రీల వద్ద కరుగుతుంది కనుక నేరుగా మంట మీద పెట్టనవసరం లేదు. ఈలోగా పొయ్యికి దూరంగా, ఒక గాజు గిన్నెలో కర్పూరాన్ని, పుదీనా పువ్వును కలిపి నూరండి. రెండూ గట్టి పదార్థాలే అయినా కలిసి నూరగానే కరిగి ద్రవమవుతాయి. వీటికి వాము పువ్వును, అంటే థైమాల్ పలుకులను, కూడా సమానంగా చేర్చితే వచ్చేదే అమృతధార. లేపనంలో వాము పువ్వు చర్మాన్ని మండిస్తుంది కనుక వేయడం లేదు. ఆ ద్రవంలో నీలగిరి తైలం కలిపి మూత పెట్టి ఉంచండి.

మైనం, నూనె కలిసిన గిన్నెను పొయ్యి ఆపి బయటకు తీసి చల్లారనివ్వండి. అంచుల వెంట మసకబారడం మొదలైనప్పుడు సువాసన ద్రవాన్ని పోసి, ఒక నిమిషం కలిపి, వెంటనే గాజు సీసాల్లోకి గాని రేకు డబ్బాల్లోకి గాని పోసి మూతలు పెట్టాలి. బాగా వేడిగా ఉన్నప్పుడు పోస్తే సగం ఎగిరిపోతుంది, గడ్డకట్టిన తరువాత పోస్తే కలవదు. కర్పూరం తేలికగా అంటుకునే పదార్థం కనుక ఈ దశలో దగ్గరలో ఏ మంటా ఉండకూడదు. పల్చని ప్లాస్టిక్ డబ్బాలు ఈ తైలాలకు తట్టుకోలేవు.

తిరుపతి ఎండలు ఈ లేపనానికి పెద్ద పరీక్ష. పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే నెలల్లో మెత్తని లేపనం డబ్బాలోనే కారిపోతుంది. నువ్వుల నూనె బదులు కొబ్బరి నూనె వేసినా లాభం లేదు, అది 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కనుక మన దగ్గర ఏడాదిలో ఎక్కువ కాలం అది ద్రవమే, గట్టిదనమంతా మైనం నుంచే రావాలి. చైత్ర, వైశాఖాల్లో వాడుకకు చేసేటప్పుడు మైనాన్ని 28 గ్రాములకు పెంచి, నూనెను 66 గ్రాములకు తగ్గించండి. పూర్తి పరిమాణం చేసే ముందు చల్లని స్టీలు గరిటె మీద ఒక చుక్క వేసి గడ్డకట్టిన తరువాత వేలితో రుద్ది చూస్తే గట్టిదనం తెలిసిపోతుంది. అప్పటికి సరిచేసుకునే అవకాశం ఇంకా ఉంటుంది.

మొదటిసారి వాడేవారు మోచేతి లోపలి వైపు బఠాణీ గింజంత రాసి, ఒక రోజు ఆగి, ఎర్రదనం, దురద లేవని చూసుకోవాలి. తరువాత ఛాతీకి, వీపుకు, మెడకు పల్చగా రాయవచ్చు. ముక్కు రంధ్రాల లోపల గాని, కళ్ల దగ్గర గాని, గాయాల మీద గాని రాయకూడదు. ముక్కులో నూనె వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారి ఒక రకం న్యుమోనియా తెచ్చే ప్రమాదం ఉంది. ఆయుర్వేదంలోని నస్యకర్మ, అంటే ముక్కులో మందు వేయడం, వైద్యుని పర్యవేక్షణలో, తగిన తైలంతో, తగిన మోతాదులో జరిగే చికిత్స. ఇంట్లో చేసిన తైలంతో దాన్ని అనుకరించడం తగదు.

రెండేళ్లలోపు పిల్లలకు ఈ లేపనాన్ని అరికాళ్లకు కూడా రాయవద్దు, వారి ముక్కు దగ్గర వాసన చూపించవద్దు. పసిబిడ్డలు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు, మెంథాల్, కర్పూరం ఘాటుకు వారి గొంతు ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, మూర్ఛ వ్యాధి ఉన్నవారికి వైద్యుడు ఒప్పుకున్నప్పుడే వాడాలి. నీలగిరి తైలం సీసాను, కర్పూరాన్ని మాత్రల డబ్బాతో సమానంగా పిల్లలకు అందని ఎత్తులో దాచండి. పసిబిడ్డ దిబ్బడకు మరిగించి చల్లార్చిన ఉప్పునీటి చుక్కలు రెండు వేసి, కాసేపు ఆగి, మెత్తని బట్టతో తుడవడం కన్నా మంచి ఇంటి వైద్యం లేదు.

మందును మెరుగుపరచడం

ప్రతి తయారీకి ఒక పుస్తకంలో తేదీ, ద్రవ్యాల బరువులు, వాటిని కొన్న చోటు, గమనించిన మార్పులు రాయండి. డబ్బా మీద కూడా తేదీ అతికించండి. లేపనాన్ని ఆరు నెలలకు మించి దాచవద్దు, నూనె ముక్క వాసన వస్తే అంతకు ముందే పారేయాలి. మార్పు చేయదలచినప్పుడు ఒకసారికి ఒక్క ద్రవ్యాన్నే మార్చండి. రెండు మార్చితే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు. వాడినవారిని బాధ సున్నా నుంచి పది దాకా ఎంత ఉందో ముందు, తరువాత అడిగి రాసుకోండి, దాని పక్కనే పళ్లెం పరీక్ష ఫలితాన్ని కూడా రాయండి. ఈ రెండు గడులు వేరువేరుగా ఉంటే, హాయినిచ్చిన మందు ఏదో, దారి తెరిచిన మందు ఏదో కొద్ది కాలంలోనే స్పష్టమవుతుంది. వీలైతే ఒక జలుబును ఉప్పునీటితో మాత్రమే గడిపి, తరువాతి జలుబుకు ఇతర తయారీలను చేర్చి పోల్చండి.

ఎప్పుడు ఇంటి మందు ఆపి వైద్యుని వద్దకు వెళ్లాలి

దిబ్బడ పది రోజులు దాటినా తగ్గనప్పుడు, తగ్గినట్లే తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబెట్టినప్పుడు, ముఖం ఒక పక్క నొప్పి, కంటి చుట్టూ వాపు, చూపు మసక, ముక్కు నుంచి రక్తం కలిసిన స్రావం ఉన్నప్పుడు ఇంటి మందుతో కాలయాపన చేయకూడదు. చిన్నపిల్లల్లో ఒక్క వైపు ముక్కు నుంచే దుర్వాసనతో స్రావం వస్తుంటే లోపల శనగ గింజో, పూసో ఇరుక్కుని ఉండవచ్చు. దాన్ని ఇంట్లో తీయడానికి ప్రయత్నించకండి. మధుమేహం అదుపులో లేనివారికి ముఖం వాపు, ముక్కులో నల్లని పొక్కు కనిపిస్తే అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. 2021లో కోవిడ్ తరువాత ఎందరి కళ్లనో, ప్రాణాలనో తీసిన నల్ల ఫంగస్ ఇలాంటి లక్షణాలతోనే మొదలవుతుంది. ఊపిరి తీసుకోవడమే కష్టమైనప్పుడు, పసిబిడ్డ పాలు తాగలేకపోతున్నప్పుడు ఒక్క గంట కూడా ఆగవద్దు.

తయారు చేసినదాన్ని అమ్మాలనుకుంటే

ఇంటి అవసరానికి చేసుకోవడం ఒకటి, డబ్బాకు పేరు పెట్టి అమ్మడం మరొకటి. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం ఆయుర్వేద మందులను అమ్మకానికి తయారు చేయాలంటే రాష్ట్ర అధికారుల నుంచి తయారీ లైసెన్సు తీసుకోవాలి. తయారీ స్థలం, పరికరాలు, పరిశుభ్రత, అర్హత కలిగిన సిబ్బంది, రికార్డుల విషయంలో ఆ చట్టం కింద నిర్దేశించిన ఉత్తమ తయారీ ప్రమాణాలను పాటించాలి. మందు గుణాలను గురించి తప్పుదోవ పట్టించే ప్రకటనలను 1954 నాటి ఆక్షేపణీయ ప్రకటనల చట్టం నిషేధిస్తోంది, కనుక సైనస్‌ను శాశ్వతంగా పోగొడుతుందని డబ్బా మీద రాయడం నైతికంగానే కాక చట్టపరంగా కూడా తప్పు. స్వయం సహాయక సంఘాల మహిళలు ఈ పనిలోకి రావాలనుకుంటే లేపనంతో కాకుండా, తులసి, వామాకు మొక్కలను పురుగుమందులు లేకుండా పెంచి, నీడలో ఆరబెట్టి, తేదీ వేసి లైసెన్సు ఉన్న తయారీదారులకు అందించడంతో మొదలుపెట్టడం మేలని నేను భావిస్తున్నాను. ఆ దశలో పెట్టుబడి తక్కువ, ప్రమాదం తక్కువ, నాణ్యమైన ఆకుకు గిరాకీ మాత్రం ఉంటుంది. బంధువులకు, ఇరుగుపొరుగు వారికి ఉచితంగా ఇచ్చే డబ్బా మీద కూడా అందులోని ద్రవ్యాల పేర్లు, చేసిన తేదీ, పసిపిల్లలకు వాడరాదన్న మాట తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి.